బీములో ఏటవాలు బీట రాకుండా రింగులు కట్టే పద్ధతి

బీము నడుమ, అడుగున నిలువుగా వచ్చే సన్న బీట వంపు వల్లది, ఉప్పుగాలి, చెమ్మ తగలని చోట 0.3 మి.మీ. లోపుంటే మామూలుగా కంగారొద్దు. పిల్లరు దగ్గర 45 డిగ్రీల వాలులో పైకెక్కేది కోత (షియర్) బీట. అది చెప్పకుండా తెగుతుంది, ప్రమాదం అక్కడే.

ఆ బీటను అడ్డంగా పట్టి ఉంచేవి రింగులే, అంటే పొడవు కడ్డీల చుట్టూ కట్టే ఇనుప చుట్లు. 230×450 మి.మీ. బీముకి, కోనసీమ ఉప్పుగాలికి 45 మి.మీ. కవరు (ఇనుము మీద కాంక్రీటు మందం) వదిలితే పనిచేసే లోతు, అంటే బీము పైనుంచి అడుగు కడ్డీల నడిమి వరకు, సుమారు 390 మి.మీ. భూకంపాన్ని తట్టుకునే కాంక్రీటు కట్టడాలకు భారత ప్రమాణమైన ఐఎస్ 13920 ప్రకారం మొదటి రింగు పిల్లరు ముఖం నుంచి 50 మి.మీ. లోపే ఉండాలి. రెండు చివర్లా పిల్లరు ముఖం నుంచి 780 మి.మీ. వరకు 95 మి.మీ.కి ఒకటి చొప్పున, నడుమ 190 మి.మీ.కి ఒకటి చొప్పున 8 మి.మీ. రింగులు కట్టండి. ఇవి కనీసపు లెక్కలు. బరువు ఎక్కువైతే డిజైన్ ఇంకా దగ్గరగా అడుగుతుంది.

రింగు చివరి కొక్కెం 135 డిగ్రీలు వంచి, కొస 65 మి.మీ.కి తగ్గకుండా లోపలికి పోవాలి. 90 డిగ్రీలతో సరిపెడితే కవరు రాలగానే రింగు విచ్చుకుంటుంది. పోతకు ముందు టేపు పెట్టి కొలవండి: వైబ్రేటరు దూరడానికని రింగుల్ని పక్కకి జరిపేస్తుంటారు, అదీ సరిగ్గా పిల్లరు దగ్గరే.

ఏటవాలు బీట కనిపిస్తే పూత పూసి కప్పొద్దు. ముందు జాకీలు పెట్టి బరువు దించి, స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించండి.