బతుకమ్మ గురించి విదేశీ అతిథికి మనకంటే ఎక్కువ తెలిస్తే ఏం చేయాలి?

ఆఫీసులో తోటి జర్మన్ అమ్మాయి బతుకమ్మకి మీ ఊరొస్తానంటే తీసుకెళ్లండి, కానీ అన్నీ తెలిసినట్టు గైడ్ వేషం మాత్రం వేయకండి. నేను వేసి పరువు పోగొట్టుకున్నాను. ఆ అమ్మాయే ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజుల పేర్లూ గడగడా చెప్పేసి, "ఆరో రోజు ఎందుకు పేర్చరు?" అని అడిగింది. నాకు సద్దుల రోజు పులిహోర తప్ప ఏదీ గుర్తులేదు, అయినా వానల మీదికి నెట్టి ఏదో కథ అల్లబోయాను. ఆ పని చేయొద్దు, వాళ్లు పుస్తకంలో రాసుకుంటారు.

తెలియదని చెప్పి, ఆ ప్రశ్నతో సహా ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. మా నాయనమ్మ గునుగు కాడలు సమంగా కోస్తూ తలెత్తకుండానే చెప్పింది: "ఎన్కట పేర్చేటప్పుడు నీసు తగిలిందట బిడ్డా, అలిగింది. అందుకే అలిగిన బతుకమ్మ." ఆ ఇంట్లోనే పెరిగాను, ఒక్కసారీ అడగలేదు. ఆ మాటల్ని ఫోన్‌కి అప్పజెప్పకుండా మీరే ఇంగ్లీషులో చెప్పండి, "నీసు" (మాంసాహారం) దగ్గర తంటాలు పడ్డాకే ఆ కథ నాకూ సరిగ్గా ఎక్కింది.

ఫొటోలు తర్వాత, ముందు మీరూ పూలు పట్టుకోండి. తాంబాలంలో ఆకులు పరిచి, తంగేడు, గునుగు, బంతి వరసలు గుండ్రంగా పేరుస్తూ పైకి పోయేకొద్దీ తగ్గించాలి, మధ్య ఖాళీని ఆకులతో, తరిగిన కాడలతో గట్టిగా కూరకపోతే మొత్తం ఒరిగిపోతుంది. నాది రెండుసార్లు ఒరిగింది. ఆమెది నిలబడింది, ప్రతి వరసకీ నాయనమ్మని అడిగి పెట్టింది మరి.

అలాగని ఆమె చెప్పిందల్లా వేదం కాదు. సద్దులంటే తొమ్మిదో రోజేనని పట్టుబట్టింది, వేములవాడలో ఏడో రోజే చేస్తారని మా చిన్నత్త చెబితే నోరు తెరిచింది. ఇలాంటి చోట మొహమాటపడకండి. వేమన పద్యాలు ఏరి 1829లో అచ్చేయించిన బ్రౌన్ దొర కూడా మన పండితుల్ని పక్కన పెట్టుకునే పని చేశాడు.

వెళ్లేముందు ఆమె రాసుకున్న ప్రశ్నల పేజీకి ఒక ఫొటో తీసుకోండి. నా దగ్గర ఇంకా పదకొండు మిగిలాయి, నాయనమ్మేమో ఫోన్లో చెప్పనంటోంది, ఇంటికి రమ్మంటోంది.