వైరల్ జ్వరం తగ్గినా నీరసం వదలట్లేదా? ఇలా పరీక్షించుకోండి

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, జయపురం వైపు నీరసమంటే చాలు, సెలైన్ ఎక్కించి బీ12 సూది వేసేస్తారు. పరీక్షకు ముందే ఆ సూది పడితే రిపోర్టులో బీ12 నిండుగా కనబడుతుంది, అసలు లోపం బయటపడదు. ముందు రక్తం ఇవ్వండి, సూది తర్వాత.

డెంగీ, చికున్‌గున్యా తర్వాత రెండు మూడు వారాలు ఒంట్లో ఓపిక లేకపోవడం మామూలే. పెద్దలకు ఆరు వారాలు, పిల్లలకు నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే పూర్తిగా చూపించుకోవాలి. మధ్యలో జ్వరం మళ్లీ తగిలితే అంతవరకూ ఆగొద్దు. ఈ జిల్లాల్లో ముందు అనుమానించాల్సింది మలేరియానే. ఆశా కార్యకర్త దగ్గర మలేరియా పరీక్ష కిట్టు ఉంటుంది. అందులో ఏమీ లేదని వచ్చినా చలి, వణుకు ఉంటే రక్తపు చుక్కను మైక్రోస్కోపులో చూసే స్లైడ్ పరీక్ష కూడా చేయించండి. వైవాక్స్ రకం మలేరియా కాలేయంలో దాక్కుని నెలల తర్వాతైనా తిరగబెడుతుంది.

రెండు వారాలు నోటుపుస్తకం రాయండి. పూటపూటకీ నీరసానికి 0 నుంచి 10 మార్కులు, నిద్రపోయిన గంటలు, చేసిన పని: సంతకు నడిచారా, బోరు నుంచి ఎన్ని బిందెలు మోశారు. చాలామంది ఆ రోజు సంగతే రాసి ఊరుకుంటారు. మర్నాడు, ఆ మర్నాడు ఎలా ఉందో చూడరు. పనిచేసిన రోజు బాగానే ఉండి, 12 నుంచి 48 గంటల తర్వాత మంచం పట్టేస్తుంటే, 'రోజూ ఇంకాస్త నడువు, అదే పోతుంది' అన్న సలహా వాళ్లకు కీడే చేస్తుంది.

నిలబడితే కళ్లు తిరుగుతుంటే, పక్కన ఒకరిని ఉంచుకుని, టీ తాగకముందే ఈ పరీక్ష చేయండి. ఐదు నిమిషాలు పడుకుని నాడి, బీపీ రాసుకోవాలి. తర్వాత మడమలు గోడకు జానెడు దూరంలో పెట్టి, వీపు ఆనించి, మాటలు లేకుండా పది నిమిషాలు నిలబడాలి. నిమిషానికోసారి నాడి, బీపీ చూడాలి. నాడి నిమిషానికి 30 (12-19 ఏళ్లవారికి 40) పెరిగి అలాగే ఉండి, బీపీ పడకపోతే డాక్టరుకు చెప్పాలి, ఈసీజీ కావాలి. మూడు నిమిషాల్లో పై బీపీ 20 గానీ కింది బీపీ 10 గానీ పడితే ఒంట్లో నీరు తగ్గడమో, బీపీ మాత్రల ప్రభావమో చూసుకోవాలి. సోలిపోతున్నట్టుంటే ఆపేసి పడుకోబెట్టండి.

రక్తపరీక్షల్లో సీబీసీ (రక్తకణాల లెక్క), ఈఎస్ఆర్ (ఒంట్లో వాపు ఉందేమో చూసేది), షుగరు, థైరాయిడ్, కాలేయం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), ఫెర్రిటిన్ (ఇనుము నిల్వ), బీ12 ఉండాలి. జ్వరం వచ్చిపోయిన కొత్తలో ఫెర్రిటిన్ పెరుగుతుంది. అప్పుడు మామూలుగా కనబడినంత మాత్రాన ఇనుము లోపం లేదనుకోవద్దు. సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తవ్యాధి) పరీక్ష ఇంతకుముందు చేయించకపోతే అదీ చేయించండి. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే క్షయ ఉందేమో చూసే కళ్లె పరీక్ష తప్పదు.

గుండెనొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం, పచ్చకామెర్లు, నల్లటి విరేచనం, వేలికి పెట్టే ఆక్సిమీటరులో ఆక్సిజన్ 94 శాతం కంటే తక్కువ (గోళ్లరంగు తీసి చూడండి) ఉంటే పుస్తకాలూ పరీక్షలూ వద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

కోరాపుట్ మెడికల్ కాలేజీకో, విశాఖ కేజీహెచ్‌కో వెళ్లేటప్పుడు ఈ నోటుపుస్తకం తీసుకెళ్లండి. ఇప్పటిదాకా పడిన సూదుల పేర్లు, తేదీలు చివరి పేజీలో రాసి ఉంచండి.