చలికాలం ముందు ఆయిల్ బాయిలర్: ఆ ఎర్ర బటన్ రెండోసారి నొక్కకండి

ఈ సీజన్‌లో మొదటిసారి గట్టిగా చలి పడిన రాత్రి మా పక్క వీధిలో ఒక తెలుగువాళ్ళ ఇల్లు మసికొట్టుకుపోయింది. పొద్దున లేచేసరికి ఇల్లంతా చల్లగా ఉందట. బేస్‌మెంట్‌లోకి వెళ్ళి, ఆయిల్ కాల్చి నీళ్ళు వేడిచేసి ఇంటిని వెచ్చబెట్టే బాయిలర్ దగ్గర, బర్నర్ మీదున్న ఎర్ర బటన్ నొక్కారు. మోటారు కాసేపు తిరిగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ ఆగింది. అలా నొక్కుతూ పోయారు. చివరికి అంటుకుంది, కానీ ఇల్లదిరిపోయే చప్పుడుతో. పొగ గొట్టం జాయింటు దగ్గర ఊడి, నల్లటి మసి మెట్ల మీదుగా పై అంతస్తులో పిల్లల అలమారాల్లోని బట్టల దాకా వెళ్ళింది. మనుషులకేమీ కాలేదు, అంతవరకు అదృష్టం. గోడలు, కార్పెట్లు, పరుపులు శుభ్రం చేయించేదాకా వాళ్ళు హోటల్లోనే ఉండాలి.

దీన్ని ఇక్కడ పఫ్‌బ్యాక్ అంటారు. నాకు తెలిసిన పఫ్‌బ్యాక్‌లు దాదాపు అన్నీ ఇలా బటన్ దగ్గరే మొదలయ్యాయి. అమెరికాలో మసాచుసెట్స్‌లోని వెస్ట్‌బరో, ష్రూస్‌బరీ, న్యూ హాంప్‌షైర్‌లోని నాషువా చుట్టుపక్కల పాత ఇళ్ళు కొన్న మనవాళ్ళలో చాలామంది ఆయిల్ బాయిలర్‌ని మొదటిసారి చూసేది ఇల్లు కొన్నాకే. ఏడాదికోసారి సర్వీస్ చేయించాలని, ఫిల్టర్ మార్పించాలని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అవి మళ్ళీ చెప్పను.

ఆ బటన్ నొక్కితే లోపల జరిగేది

బర్నర్‌లో మంటని చూసే ఒక చిన్న కన్ను ఉంటుంది. పంపు ఆయిల్‌ని సన్నటి తుంపరగా చిమ్ముతుంది, నిప్పురవ్వ పడుతుంది, మంట వస్తే ఆ కన్ను చూసి కొనసాగనిస్తుంది. మంట కనపడకపోతే కంట్రోల్ బాక్స్ అన్నీ ఆపేసి లాకౌట్‌లోకి వెళ్తుంది. కొత్త కంట్రోళ్ళు 15 సెకన్ల దగ్గర ఆపేస్తాయి, పాతవి 45 సెకన్లు చూస్తాయి.

ఆ 45 సెకన్లూ ఆయిల్ చిమ్ముతూనే ఉంటుంది. మామూలు ఇళ్ళలో గంటకి 0.85 గ్యాలన్లు చిమ్మే నాజిల్ ఉందనుకోండి, బటన్ నొక్కిన ప్రతిసారీ సుమారు 40 మిల్లీలీటర్ల ఆయిల్ కాలకుండా లోపల పడుతుంది. పదిసార్లు నొక్కితే 400 మిల్లీలీటర్లు. అది ఎక్కడికీ పోదు. మంట గదిలోని ఇటుకల్లోకీ, ఫైబర్ లైనింగ్‌లోకీ ఇంకిపోయి కూర్చుంటుంది. పదకొండోసారి నిప్పురవ్వ సరిగ్గా పడితే అంతా ఒక్కసారే అంటుకుంటుంది.

లాకౌట్ అయిందంటే యంత్రం మొరాయించిందని కాదు. మంట రాలేదని గుర్తించి, మీ ఇంటిని కాపాడటానికే అది ఆగింది. వరసగా కొన్నిసార్లు లాకౌట్ అయితే కొత్త కంట్రోళ్ళు బటన్ నొక్కినా ఇక పలకవు. దాన్ని కూడా విప్పే పద్ధతి వీడియోల్లో చూపిస్తున్నారు. ఆ పద్ధతి లోపల ఎంత ఆయిల్ నిలిచిందో చూడగలిగిన టెక్నీషియన్ కోసం ఉన్నది, మన కోసం కాదు.

ఒక్కసారి నొక్కండి. రెండోసారి వద్దు.

ఆ ఒక్కసారి కూడా ఇవి చూశాకే. బేస్‌మెంట్ మెట్ల పైన ఎర్రటి ప్లేటు ఉన్న స్విచ్ ఆన్‌లో ఉందా? లైటు స్విచ్ అనుకొని దాన్ని ఆపేసేవాళ్ళు చాలామంది, అందుకే టెక్నీషియన్ ఫోన్‌లో మొదట అడిగేది అదే. బ్రేకర్ పడిపోయిందా? థర్మోస్టాట్ బ్యాటరీ పనిచేస్తోందా? ట్యాంకులో ఆయిల్ ఉందా? గేజ్ ముల్లుని పూర్తిగా నమ్మకండి, అది ఇరుక్కుపోతుంటుంది. ఆఖరి డెలివరీ బిల్లు తీసి ఎన్ని గ్యాలన్లు పోశారో, ఎన్నాళ్ళయిందో చూసుకోండి. బాయిలర్ దగ్గర ఆయిల్ వాసన గట్టిగా వస్తుంటే ఆ ఒక్కసారి కూడా నొక్కవద్దు.

ఆదా కోసం ఏది తిప్పాలి, ఏది తిప్పకూడదు

బాయిలర్‌ని మనమే సెట్ చేసుకుంటే ఆయిల్ మిగులుతుందని ఏటా ఈ రోజుల్లోనే వాట్సాప్‌లో సలహాలు మొదలవుతాయి. వాటిలో ఎక్కువగా తిరిగేది ఇంగ్లండ్‌లో ఉన్న బంధువులు పంపేది: బాయిలర్ నీటి వేడి 60 డిగ్రీల సెల్సియస్‌కి తగ్గించండి, బిల్లు తగ్గుతుంది అని. వాళ్ళ వరకు అది సరైన మాటే. అక్కడ 2007 నుంచి కొత్తగా పెట్టే ఆయిల్ బాయిలర్లు కూడా కండెన్సింగ్ రకమే ఉండాలని నిబంధన. అవి పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడిని కూడా వాడుకుంటాయి. తిరిగొచ్చే నీరు ఎంత చల్లగా ఉంటే వాటికి అంత లాభం.

మసాచుసెట్స్‌లో, న్యూ హాంప్‌షైర్‌లో మన బేస్‌మెంట్లలో ఉన్నవి ఎక్కువగా పోత ఇనుముతో చేసిన మామూలు బాయిలర్లు. వీటిలో పొగ నీరుగా మారకూడదు. తిరిగొచ్చే నీరు సాధారణంగా 130 డిగ్రీల ఫారన్‌హీట్ దిగువకి పోతే పొగలోని తేమ లోపలే చెమ్మగా దిగుతుంది. ఆ నీటికి ఆమ్ల గుణం ఉంటుంది. అది ఇనుముని తింటుంది, చిమ్నీ లైనింగ్‌ని తింటుంది. తుప్పు పెచ్చులు, మసి కలిసి పొగ దారిని మూస్తాయి. పొగ సరిగ్గా పోకపోతే మంట చెడుతుంది, మంట చెడితే లాకౌట్ అవుతుంది, అప్పుడు మళ్ళీ చెయ్యి ఎర్ర బటన్ మీదికే పోతుంది. 2018 జులై నుంచి మన రాష్ట్రాలున్న న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో అమ్మే హీటింగ్ ఆయిల్‌లో గంధకం 15 పీపీఎమ్‌కి మించకూడదు కాబట్టి మసి మునుపటికన్నా బాగా తగ్గింది. అలాగని చెమ్మ ఆగదు.

బాయిలర్ పక్కన, నీటి వేడిని అదుపుచేసే ఆక్వాస్టాట్‌లో పై హద్దు సాధారణంగా 180 ఫారన్‌హీట్ దగ్గర పెట్టి ఉంటుంది. గోడల అడుగున వేడినిచ్చే బేస్‌బోర్డుల పొడవు ఆ వేడిని లెక్కేసుకునే వేస్తారు. దాన్ని 140కి, అంటే ఆ 60 సెల్సియస్‌కి, దించితే జనవరిలో ఇల్లు వేడెక్కదు, బర్నర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. నిజంగా ఆదా కావాలంటే బయటి చలిని బట్టి నీటి వేడిని తానే మార్చుకునే కంట్రోల్ ఒకటి దొరుకుతుంది. మీ బాయిలర్‌కి పనికొస్తుందేమో టెక్నీషియన్‌ని అడగండి, కింది హద్దు కూడా అతని చేతే పెట్టించండి.

మీరు ధైర్యంగా తిప్పగలిగింది థర్మోస్టాట్. రోజుకి 8 గంటలపాటు 7 నుంచి 10 డిగ్రీల ఫారన్‌హీట్ తగ్గించి ఉంచితే ఏడాది మొత్తం మీద 10 శాతం దాకా మిగలొచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. అయితే బయట సున్నా ఫారన్‌హీట్ దగ్గర ఉన్న రాత్రుల్లో అంత తగ్గించకండి. బయటి గోడల వెంట పోయే బేస్‌బోర్డు పైపుల్లో నీరు కదలక గడ్డకడుతుంది. ఇల్లు త్వరగా వేడెక్కాలని 80 పెట్టడం దండగ, వేడెక్కే వేగం మారదు.

గాలి షటర్, పంపు ప్రెజర్, నాజిల్ సైజు: వీటి మీద చెయ్యి వేయకండి. గాలి కొంచెం తగ్గిస్తే ఆయిల్ ఆదా అవుతుందన్నది ఒక హద్దు వరకే నిజం. ఆ హద్దు ఎక్కడుందో కంటికి కనపడదు. మంట చూడటానికి బాగానే ఉంటుంది, కార్బన్ మోనాక్సైడ్ మాత్రం పెరిగిపోతుంటుంది. సర్వీస్‌కి వచ్చిన మనిషి పొగ గొట్టంలో మీటరు పెట్టి కొలిచాడా లేదా అని అడగండి. ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్, పొగ వేడి ఎంతున్నాయో కాగితం మీద రాయించుకోండి. పొగ మరక పరీక్షలో కాగితం తెల్లగానో, లీలగా మాత్రమే మరకతోనో రావాలి. మీటరు తేకుండా "బాగుంది సార్" అని వెళ్ళిపోయేవాణ్ణి వచ్చే ఏడాది పిలవకండి.

గాలి

దీని గురించి మన ఇళ్ళలో ప్రత్యేకంగా చెప్పాలి. తాలింపుల ఘాటు పోవడానికి మనం పెద్ద ఎగ్జాస్ట్ హుడ్ పెట్టించుకుంటాం. అదే ఏడాది బేస్‌మెంట్ ఫినిషింగ్ చేయించి, బాయిలర్‌ని ఒక మూల గదిలో బిగించేసి తలుపు వేస్తాం. పైన హుడ్ ఇంట్లో గాలిని బయటికి లాగేస్తుంటే, కింద బర్నర్‌కి గాలి అందదు. లోటు పూడ్చుకోవడానికి బయటి గాలి చిమ్నీలోంచే కిందికి దిగుతుంది, పొగని వెంటబెట్టుకొని. బాయిలర్ గది తలుపుకి జాలీలు ఉండాలి, లేదా బయటి నుంచి గాలి గొట్టం ఉండాలి. హుడ్, బట్టల డ్రయ్యర్ రెండూ నడుస్తుండగా చిమ్నీ లాగుడు కొలవమని టెక్నీషియన్‌ని అడగండి.

ఆ గదిలో బియ్యం బస్తాలు, ఖాళీ సూట్‌కేసులు, పెయింట్ డబ్బాలు, బ్లీచ్ సీసాలు పెట్టకండి. చుట్టూ మూడడుగులు ఖాళీగా ఉంచండి.

సంక్రాంతికి ఇండియా వెళ్ళేవాళ్ళు

డిసెంబరు, జనవరిల్లో ఇల్లు తాళం వేసి వెళ్ళేది మనమే. అదే ఇక్కడ ఘోరమైన చలి. థర్మోస్టాట్ 55 కంటే తగ్గించకండి. 60 ఇంకా మేలు. మీటరు దగ్గర మంచినీళ్ళ వాల్వు కట్టేయవచ్చు, కానీ బాయిలర్ ఆ నీటి మీద ఆధారపడుతుంది కాబట్టి ఎలా కట్టాలో ముందే అడిగి తెలుసుకోండి. 275 గ్యాలన్ల ట్యాంకులో పావు వంతు అంటే 60 గ్యాలన్ల చిల్లర. గట్టి చలిలో రోజుకి 5, 6 గ్యాలన్లు కాలే ఇళ్ళున్నాయి, అంటే పది రోజులకే అయిపోతుంది. ట్యాంకు నింపించి వెళ్ళండి. ఇంటి వేడి పడిపోతే ఫోన్‌కి కబురొచ్చే థర్మోస్టాట్ పెట్టండి. తాళం ఒక స్నేహితుడికివ్వండి, రెండు మూడు రోజులకోసారి లోపలికి వెళ్ళి చూడమనండి. ఆయనకీ బటన్ సంగతి చెప్పండి: ఒక్కసారే.

ఇక మిగిలినవి.

ఆయిల్ అయిపోతే గ్యాస్ స్టేషన్‌లో డీజిల్ 5 నుంచి 10 గ్యాలన్లు తెచ్చి పోస్తే డెలివరీ వచ్చేదాకా నడుస్తుంది. గ్యాసోలిన్ చుక్క కూడా పోయకూడదు.

డీజిల్ పోసినా బర్నర్ అంటుకోకపోవచ్చు. లైన్‌లోకి గాలి దూరి ఉంటుంది, దాన్ని తీయాలి. అదే పనిగా బటన్ నొక్కేది ఎక్కువమంది ఇక్కడే. నొక్కకండి.

ట్యాంకు ఇంటి బయట ఉంటే, కిరోసిన్ కలిపిన ఆయిల్ అడగండి. గట్టి చలికి మామూలు ఆయిల్ చిక్కబడి లైన్‌లో ఆగుతుంది.

ఆయిల్ పోసే మనిషి ఆగాల్సింది ట్యాంకు విజిల్ ఆగినప్పుడు. విజిల్ వినపడని ట్యాంకులో పోయనివ్వకండి.

పాత ట్యాంకు తీసేసినవాళ్ళు గోడ బయటి ఫిల్ పైపు కూడా తీయించేయండి. అడ్రసు పొరబడి వచ్చిన ట్రక్కు దాంట్లోకి పోస్తే బేస్‌మెంట్ నేలంతా ఆయిలే.

బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు దాని ప్రెజర్ 12 నుంచి 15 పీఎస్ఐ ఉండాలి. 30కి దగ్గరైతే టెక్నీషియన్‌ని పిలవండి. రిలీఫ్ వాల్వు కారుతోందని దానికి మూత బిగించకండి. ఎప్పటికీ.

స్టార్ట్ అయినప్పుడు గుడగుడ చప్పుడు, చిమ్నీలోంచి నల్లపొగ, బాయిలర్ తలుపు అంచుల్లో మసి: వీటిలో ఏ ఒక్కటి కనపడినా ఆ రోజే పిలవండి.

లోపల మంట భగ్గుమంటుంటే చూసే కిటికీ తెరవకండి. మెట్ల పైనున్న ఎర్ర స్విచ్ ఆపండి. పిల్లల్ని తీసుకొని బయటికి వచ్చి 911కి ఫోన్ చెయ్యండి.

పొగ గొట్టం గోడలోంచి పక్కకి బయటపడే ఇళ్ళవాళ్ళు మంచు పడిన ప్రతిసారీ దాని నోరు శుభ్రం చేయండి. 2005 జనవరిలో ప్లిమత్‌లో మంచు కప్పేసిన గొట్టం వల్ల ఏడేళ్ళ పాప చనిపోయింది. మసాచుసెట్స్‌లో ఆయిల్, గ్యాస్ లాంటివి కాల్చే ఇళ్ళకీ, లోపలే పార్కింగ్ ఉన్న ఇళ్ళకీ కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి చేసిన నికోల్ చట్టం ఆ పాప పేరు మీదే వచ్చింది.

ప్రతి అంతస్తులో అలారం ఉండాలి. పడకగదులకి దగ్గరగా. అది మోగితే కిటికీ తీసి కూర్చోకండి, బయటికి రండి.

సర్వీస్ కంపెనీ రాత్రి నంబరు బాయిలర్ మీదే అంటించండి. అర్ధరాత్రి పిలిస్తే ఎక్కువ తీసుకుంటారు. ఇవ్వండి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటారు. వాళ్ళని ఒకసారి బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళి బటన్ ఎక్కడుందో, మెట్ల పైన స్విచ్ ఎక్కడుందో చూపించండి. బాయిలర్ మీద పెద్ద అక్షరాలతో తెలుగులో కాగితం అంటించండి: "వేడి రాకపోతే బటన్ ముట్టుకోవద్దు. ఆయిల్ వాసన వస్తే పైన ఎర్ర స్విచ్ ఆపి, బయటికి వచ్చి మాకు ఫోన్ చెయ్యండి."