ప్రభుత్వ సంస్థల ప్రకటనలను ఫీడ్‌లో అందుకోవడం ఎలా

కొత్త సర్క్యులర్ వచ్చిందా, గడువు పొడిగించారా అని శాఖ వెబ్‌సైట్‌ను రోజూ తెరిచి చూసే శ్రమ అక్కర్లేదు. ఆ సైట్‌కు ఫీడ్ (కొత్త అంశాల జాబితాను యాప్‌లు చదివేలా ఉంచే ఫైల్; ఆర్‌ఎస్‌ఎస్, ఆటమ్ దాని రెండు రూపాలు) ఉంటే, దాని చిరునామాను ఫీడ్ రీడర్‌లో, అంటే ఫీడ్‌లను తెచ్చి చూపించే యాప్‌లో చేర్చండి. శీర్షిక, తేదీ, లింకు వాటంతటవే వచ్చి చేరతాయి. సంస్థకు మీ ఈమెయిల్ ఇవ్వాల్సిన పనీ ఉండదు.

ముందు చిరునామా పట్టుకోవాలి. పేజీ అడుగున నారింజ రంగు గుర్తు ఉందేమో చూడండి. కనిపించనంత మాత్రాన ఫీడ్ లేదనుకోవద్దు. కంప్యూటర్‌లో ప్రకటనల పేజీ తెరిచి కంట్రోల్, యు కలిపి నొక్కితే పేజీ సోర్స్, అంటే పేజీ వెనకున్న కోడ్ వస్తుంది. అందులో ‘ఆర్‌ఎస్‌ఎస్’, ‘ఆటమ్’ అనే మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో వెతకండి. లింకు ఉంటే సాధారణంగా పైభాగంలోనే తగులుతుంది. వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో కట్టిన సైటయితే చిరునామా చివర స్లాష్ పెట్టి ‘ఫీడ్’ అని ఇంగ్లీషులో కొట్టి చూడండి. బ్రౌజర్‌లో ట్యాగుల (కోడ్ గుర్తుల) గజిబిజి కనిపిస్తే, సరైన చోటికే వచ్చారన్నమాట. ఫైర్‌ఫాక్స్ కూడా 2018 డిసెంబరులో వచ్చిన 64వ వెర్షన్ నుంచి ఫీడ్‌లను చదివి చూపించడం మానేసింది.

ఒకే సంస్థకు చాలా ఫీడ్‌లుంటే మీకు పనికొచ్చే చిన్నదాన్నే ఎంచుకోండి. ఉదాహరణకు అమెరికా భూవిజ్ఞాన సంస్థ యూఎస్‌జీఎస్ భూకంపాల ఫీడ్‌లను గంట, రోజు, వారం అని కాలాన్ని బట్టీ, 1.0, 2.5, 4.5 అని తీవ్రతను బట్టీ వేర్వేరుగా ఇస్తుంది. రోజంతటి ‘అన్నీ’ ఫీడ్ పెట్టుకుంటే ఎవరికీ తెలియని చిన్న ప్రకంపనలు వందల్లో వచ్చిపడతాయి. మూడో రోజుకే చూడటం మానేస్తారు. 4.5 పైవి చాలనుకుంటే ఆ ఒక్కటే తీసుకోండి.

రీడర్లు రెండు రకాలు. థండర్‌బర్డ్, నెట్‌న్యూస్‌వైర్ లాంటివి మీ పరికరం నుంచే ఫీడ్ తెచ్చుకుంటాయి. ఫీడ్‌లీ, ఇనోరీడర్ తమ సర్వర్ల నుంచి తెస్తాయి. తేడా చిన్నదేం కాదు. ఫీడ్‌లో తాజా అంశాలు కొన్నే ఉంటాయి. వర్డ్‌ప్రెస్‌లో మామూలుగా 10. కంప్యూటర్ వారం రోజులు కట్టేసి ఉంచితే, ఈలోగా సంస్థ 15 ప్రకటనలు పెడితే, మొదటి అయిదూ మీకు చేరవు. సర్వర్ రీడర్‌కు ఈ బెడద ఉండదు. కానీ కొన్ని ప్రభుత్వ సైట్లు విదేశీ సర్వర్లను ఫైర్‌వాల్‌తో ఆపేస్తాయి. బ్రౌజర్‌లో తెరుచుకునే ఫీడ్‌కు రీడర్ మాత్రం 403 (అనుమతి లేదు) అనే ఎర్రర్ చూపిస్తుంటే అనుమానించాల్సింది దీన్నే. పరికరంలో నడిచే రీడర్‌కు మారి చూడండి. 429 వస్తే మరీ తరచుగా అడుగుతున్నారని. అరగంటకో గంటకో ఒకసారి చాలు.

అన్నిటికన్నా మోసం చేసేది చప్పుడు లేకుండా ఆగిపోయిన ఫీడ్. సైట్‌ను కొత్తగా కట్టినప్పుడు పాత ఫీడ్ ఫైల్‌ను అలాగే వదిలేస్తారు. అది తెరుచుకుంటుంది, ఎర్రర్ రాదు, కొత్తదీ రాదు. అందుకే చేర్చే ముందే ఫీడ్‌లోని పై అంశం తేదీని సైట్‌లోని తాజా ప్రకటనతో పోల్చండి. నెలకోసారి మళ్లీ అదే పని చేయండి. సైట్ మారిన రోజున పాత అంశాలన్నీ కొత్తవిగా మళ్లీ కనిపిస్తే, వాటి గుర్తింపు సంఖ్యలు మారాయని అర్థం. అన్నీ చదివినట్టు గుర్తుపెట్టేసి వదిలేయండి.

ఎక్స్‌ఎంఎల్ (ఫీడ్‌లను రాసే ట్యాగుల భాష) లోపం అని వస్తే రెండు కారణాలు చూడండి. ఫీడ్ చిరునామా మామూలు పేజీకి మళ్లి ఉండొచ్చు, లేదా శీర్షికలో ‘అండ్’ (&) గుర్తును సరిగా రాయకపోయి ఉండొచ్చు. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ వారి ఫీడ్ వాలిడేటర్ (ఫీడ్‌లో తప్పులు పట్టే పేజీ)లో చిరునామా వేస్తే తప్పు ఏ వరుసలో ఉందో చూపిస్తుంది. దాన్ని సంస్థ వెబ్ విభాగానికి పంపితే వాళ్లకు వెతుకులాట తప్పుతుంది.

ఫీడ్‌కు అందనిది ఒకటుంది: అదే లింకులో ఉన్న పీడీఎఫ్‌ను చెప్పాపెట్టకుండా మార్చడం. ఫీడ్‌లో కొత్త అంశమేదీ పడదు. గడువులు, రుసుముల పట్టికలున్న పీడీఎఫ్‌లను అవసరమైన రోజున మళ్లీ దించుకునే చదవండి.