కోనసీమ బురదలో తిరిగే ఫోర్ వీల్ డ్రైవ్ బండికి చక్రాలు, సస్పెన్షన్ ఎలా మార్చుకోవాలి?

ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలిన చోటు నుంచి సముద్రం దాకా నేల దాదాపు బల్లపరుపుగా ఉంటుంది. ఇక్కడ బండిని ఆపేవి రాళ్లు కావు. వానలకు నానిన పుంతల్లోని జిగురు మట్టి, లంకల్లోనూ ఓడలరేవు, అంతర్వేది తీరాల్లోనూ ఉండే మెత్తని ఇసుక, రొయ్యల చెరువుల దగ్గరి ఉప్పునీరు ఇక్కడి అసలు సమస్యలు. మార్కెట్లో దొరికే లిఫ్ట్ కిట్లలో (బండి ఎత్తు పెంచే భాగాల సెట్లలో) చాలావరకు కొండదారులను దృష్టిలో పెట్టుకుని చేసినవే కాబట్టి, డెల్టాలో తిరిగేవారు ముందు టైర్లు, తరువాత రిమ్‌లు, ఆపైన షాక్ అబ్జార్బర్లు, అన్నిటికంటే చివర ఎత్తు అనే వరుసలో ఖర్చు పెట్టడం మంచిది.

ఎత్తును చివరికి నెట్టడానికి కారణం ఉంది. ట్రాక్టర్లు నడిచి గాళ్లు పడిన పుంతలో నేలకు తగిలేది ఎక్కువగా వెనుక ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ హౌసింగ్ (రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల పెట్టె). స్ప్రింగులు మార్చి బండిని 50 మిల్లీమీటర్లు పైకి లేపినా పైకి వెళ్లేది ఛాసిస్, బాడీ మాత్రమే. ఇరుసు ఉన్న చోటే ఉంటుంది. దాన్ని పైకి లేపగలిగేది టైరు వ్యాసం ఒక్కటే, అదీ పెరిగిన దానిలో సగమే. పైగా, ఒక పక్క కాలువ, ఇంకో పక్క చెరువు ఉన్న ఇరుకు గట్టు మీద అంచు మట్టి జారినప్పుడు ఎత్తు పెంచిన బండి త్వరగా ఒరుగుతుంది.

టైర్ల ఎంపికలో లెక్క వేసుకోవడం అవసరం. మారుతి జిమ్నీకి కంపెనీ ఇచ్చే 195/80 ఆర్15 టైరు (వెడల్పు 195 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ 15 అంగుళాలు) వ్యాసం 693 మిల్లీమీటర్లు. దాని బదులు 215/75 ఆర్15 వేస్తే వ్యాసం సుమారు 10 మిల్లీమీటర్లు, నేల నుంచి ఎత్తు 5 మిల్లీమీటర్లు పెరుగుతాయి. 235/75 ఆర్15 దాకా వెళితే ఎత్తు 20 మిల్లీమీటర్లు పెరుగుతుంది కానీ, అంతకుముందు సరిగ్గా చూపిన స్పీడోమీటరు 60 చూపేటప్పటికి బండి 63 దాటి ఉంటుంది, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు ఎక్కడైనా రాసుకునే ప్రమాదమూ ఉంటుంది. గాళ్లు లోతుగా ఉన్న మడ్ టెరైన్ టైర్లు రేగడి బురదను విదిలించుకుంటూ పట్టు నిలుపుకుంటాయి, కానీ తడి తారు రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు నమ్మదగినవి కావు. తీరం వెంట 216 నంబరు జాతీయ రహదారి మీదే ఎక్కువగా తిరుగుతూ అప్పుడప్పుడు పొలానికి దిగేవారికి ఆల్ టెరైన్ టైర్లు చాలు. ఏ టైరైనా లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువును చెప్పే అంకె) కంపెనీ టైరు కంటే తగ్గకూడదు. స్టెప్నీతో సహా అయిదూ ఒకే కొలతవి అయి ఉండాలి, లేకపోతే ఫోర్ వీల్‌లో నడిపినప్పుడు ముందు, వెనుక ఇరుసులకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద భారం పడుతుంది.

రిమ్ పెద్దదైతే బండి అందంగా కనబడుతుందనే మాట నిజమే, కానీ బురదకూ ఇసుకకూ చిన్న రిమ్మే మేలు. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌కు పై రకాల్లో 255/65 ఆర్18, కింది రకాల్లో 245/75 ఆర్16 టైర్లు ఇచ్చారు. మొదటిదానికి సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు 166 మిల్లీమీటర్లు, రెండోదానికి 184. వ్యాసంలో తేడా రెండు శాతం లోపే కాబట్టి, 16 అంగుళాల రిమ్‌కు మారితే ఎత్తులో కొద్దిగా పోయినా గాలి తగ్గించి నడపడానికి వీలైన ఎత్తైన సైడ్‌వాల్ దక్కుతుంది. బోల్టుల అమరిక, మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్ (రిమ్ మధ్య గీతకూ హబ్‌కు బిగించే ముఖానికీ ఉన్న దూరం) సరిపోయాయో లేదో చూసి, ముందు ఒక్క రిమ్‌ను బిగించి చేత్తో తిప్పి, బ్రేకు కాలిపర్‌కు తగలడం లేదని తేల్చుకున్నాకే మిగతావి కొనాలి. చక్రాలను బయటికి నెట్టే స్పేసర్ల జోలికి పోకపోవడమే మంచిది. బేరింగులు త్వరగా అరుగుతాయి.

కొనే ముందు చట్టం సంగతీ చూసుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182-ఎ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఆర్టీవో కార్యాలయంలో అడిగి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి పని మొదలుపెట్టడం క్షేమం.

సస్పెన్షన్ దగ్గరికి వస్తే, మొదట బండిని సిమెంటు నేల మీద నిలిపి, ట్యాంకు నింపి, రోజూ మోసే బరువంతా ఎక్కించి, నాలుగు చక్రాల దగ్గరా హబ్ మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలిచి రాసుకోవాలి. మేత బస్తాలో, దిగబడ్డ బండిని లాగే వించో నిత్యం మోసే బండికి గట్టి స్ప్రింగులు కావాలి. ఖాళీగా తిరిగే బండికి అవే వేస్తే గతుకుల్లో టైరు నేల వదిలి ఎగురుతుంది. జిప్సీ లాంటి కమాను బండ్లకు ఒక ఆకు ఎక్కువ వేయడం ఊళ్లలో అలవాటే అయినా, అరిగిన బుష్‌లు (కీళ్లలోని రబ్బరు తొడుగులు), షాకిళ్లు (కమాను చివరను ఛాసిస్‌కు కలిపే కొక్కేలు) మార్చి మంచి షాక్‌లు వేస్తే చాలాసార్లు ఆ అవసరమే రాదు. ముందు ఇరుసుకు కమాను కింద దిమ్మలు పెట్టి ఎత్తు పెంచడం మాత్రం ఎన్నడూ చేయకూడదు.

వెనుక కాయిల్ స్ప్రింగు మార్చేటప్పుడు ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనుక వీల్ నట్లు కాస్త వదులు చేసి, జాకీతో లేపి ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాలి. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరకూడదు. మట్టి నేల మీద జాకీ దిగబడుతుంది. చక్రాలు తీసి, ఇరుసుకు జాకీ ఊతం ఇచ్చి, రెండు పక్కలా షాక్ కింది బోల్టులు విప్పి ఇరుసును నెమ్మదిగా దించాలి. అప్పుడు బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు లాగబడుతున్నాయేమో చూస్తూ ఉండాలి. పాత స్ప్రింగు తీసి, రబ్బరు సీటు బాగుంటే ఉంచి, కొత్తది సరిగ్గా కూర్చోబెట్టి ఇరుసును లేపి షాక్‌లు తగిలించాలి. బుష్‌ల బోల్టులను అప్పటికి వేళ్లతోనే బిగించి, బండి బరువు చక్రాల మీద పడ్డాక మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించాలి. ఇరుసు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి కొద్ది నెలలకే చీలిపోతుంది. థార్ ముందు భాగంలో స్ప్రింగు షాక్ మీదే అదిమి ఉంటుంది కాబట్టి, కంప్రెసర్ సాధనం లేనిదే దాన్ని విప్పడం ప్రాణాపాయం. ఆ పని వర్క్‌షాపుకే వదిలేయాలి.

పని అయ్యాక వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. రెండు చక్రాలనూ ఒకే గట్టి ఇరుసు కలిపే బండి ఎత్తు పెంచితే క్యాస్టర్ (స్టీరింగు ఇరుసు వెనక్కి వాలే కోణం) తగ్గి స్టీరింగు అటూ ఇటూ తేలుతుంది, ఇరుసు పక్కలకు కదలకుండా పట్టే పాన్‌హార్డ్ రాడ్ వల్ల ఇరుసు ఒక పక్కకు జరుగుతుంది. రెంటికీ సవరణ భాగాలు దొరుకుతాయి. వీల్ నట్లను 100 కిలోమీటర్ల లోపే మళ్లీ బిగించి చూసుకోవాలి.

ఇసుకలో దిగేముందు టైర్లలో గాలిని 15 నుంచి 18 పీఎస్‌ఐకి తగ్గించి నెమ్మదిగా నడపాలి, తారు ఎక్కేముందు తిరిగి నింపాలి. అందుకు బండిలో చిన్న కంప్రెసర్ తప్పనిసరి. ఉప్పునీటిలో తిరిగిన రోజే బండి అడుగుభాగాన్ని, స్ప్రింగు సీట్లను, రిమ్‌ల లోపలి వైపును మంచినీటితో కడగాలి. వేడెక్కిన డిఫరెన్షియల్ చల్లని నీటిలో మునిగితే లోపలి గాలి కుదించుకుని నీటిని పీల్చుకుంటుంది కాబట్టి దాని బ్రీదర్ గొట్టాన్ని (లోపలి గాలి వచ్చిపోయే గొట్టాన్ని) ఇంజిను గది దాకా పొడిగించుకోవాలి. వరదనీటిలో దిగిన తరువాత డిఫరెన్షియల్ ఆయిల్ పాలలా తెల్లబడితే వెంటనే మార్పించాలి.