22 నంబరు పైపు వెనక్కిచ్చేయండి

కిందటి నెల మాస్టారికి ఒంటేలు పైపు మార్చడానికి వెళ్తే ఆయన కోడలు మెడికల్ షాపు కవరు నా చేతిలో పెట్టింది. తీసి చూస్తే 22 నంబరు ఫోలీస్, అంటే మూత్రాశయంలో ఉంచే పైపు. ఇదేంటమ్మా అంటే, "పైపు పక్కనుంచి ఒంటేలు కారుతోంది కదా సిస్టర్ గారూ, పెద్దది వేస్తే ఆగిపోతుందని షాపబ్బాయి ఇచ్చాడు" అంది. ముప్పయ్యేళ్లు వార్డుల్లో చేసి రిటైరై, ఇప్పుడు కాకినాడలో ఇళ్లకు తిరుగుతున్నాను. ఈ మాట వినని నెల లేదు.

పక్కనుంచి కారుతుంటే లావు పైపు మందు కాదు. లోపల ఒరుసుకున్న కొద్దీ మూత్రాశయం ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది, ఇంకా కారుతుంది. ముందు పైపు ఎక్కడైనా మడత పడిందేమో, తెట్టు కట్టి మూసుకుపోయిందేమో చూడాలి. మాస్టారికైతే నాలుగు రోజులుగా విరేచనం లేదు, ఆ బరువు మూత్రాశయాన్ని నొక్కుతుంది. డాక్టరు గారు రాసిన మందుతో విరేచనం అయ్యాక కారడం సగానికి సగం తగ్గింది.

నంబరు అంటే పైపు లావే. మూడుతో భాగిస్తే మిల్లీమీటర్లు వస్తాయి. 16 అంటే 5 మిల్లీమీటర్ల పైచిలుకు. ఇంట్లో ఉండే మగవాళ్లకు మామూలుగా 14 లేదా 16, ఆడవాళ్లకు 12 లేదా 14. రక్తం గడ్డలు పడుతుంటేనే డాక్టర్లు 20, 22 దాకా వెళ్తారు. కళ్లజోడు మర్చిపోయినా పైపు బయటి చివర రంగు చూడొచ్చు: 12 తెలుపు, 14 ఆకుపచ్చ, 16 నారింజ, 18 ఎరుపు.

ప్యాకెట్ మీద ఎం.ఎల్. అని ఇంకో అంకె ఉంటుంది, అది పైపు జారిపోకుండా మూత్రాశయంలో ఉబ్బించే బెలూన్‌ది. ఇంటి వాడకానికి 10 చాలు. 30 ఎక్కువగా ఆపరేషన్ తర్వాత వాడేది. అందులో పోసేది స్టెరైల్ వాటరే. సెలైన్ పోస్తే ఉప్పు పేరుకుని, తీసేరోజు బెలూన్ ఖాళీ కాక మొరాయించవచ్చు.

లాటెక్స్ పైపు చవక. కొద్ది రోజుల పనికి అదే చాలు. నెలలు ఉండాల్సిన మనిషికి మాత్రం పూర్తి సిలికాన్‌దే కొనండి. డాక్టరు ఒప్పుకుంటే 12 వారాల దాకా ఉంచొచ్చు, అదే నంబరులో లోపలి దారి కూడా కాస్త వెడల్పు. నాకొచ్చే విజిట్లు తగ్గుతాయి, అయినా చెప్తున్నాను. లాటెక్స్ పడనివాళ్లకు ఎలాగూ సిలికానే. పై పొర మాత్రమే సిలికాన్, లోపల లాటెక్స్ ఉన్నవి కూడా అమ్ముతారు, ప్యాకెట్ చదివి తీసుకోండి.

పైపు వేసేటప్పుడు రాసే జెల్లీ అంటే, తిమ్మిరెక్కించే లిగ్నోకైన్ 2 శాతం ట్యూబు. ఒకింట్లో కొబ్బరినూనె గిన్నె సిద్ధం చేసి కూర్చున్నారు. నూనె, వాజ్‌లైన్ తగిలితే లాటెక్స్ పాడవుతుంది.

ఒంటేలు పట్టే సంచి, అంటే యూరోబ్యాగ్, 2000 ఎం.ఎల్.ది తీసుకోండి. పైన ఒంటేలు వెనక్కి పోకుండా వాల్వ్ ఉందా, కింద ఖాళీ చేసే కుళాయి ఉందా చూడాలి. కుళాయి లేని చవక బ్యాగులకు ప్రతిసారీ పైపు ఊడదీయాలి, ఇన్ఫెక్షన్‌కి అదే తలుపు. నడిచే మనిషికి కాలికి కట్టుకునే చిన్న బ్యాగు కూడా కొనండి. మంచం కోడుకి తగిలించే కొక్కెం మరవొద్దు: సంచి మూత్రాశయం కంటే కిందే ఉండాలి, నేలకు తగలకూడదు. డ్యూటీలో కొత్తలో నేనే ఒక పేషెంటుని స్ట్రెచర్ ఎక్కిస్తూ బ్యాగు ఆయన పొట్టమీద పెట్టాను. హెడ్ సిస్టర్ వార్డంతా వినేలా తిట్టారు. ఆ తిట్టు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

కండోమ్ కాథెటర్, అంటే బయటినుంచి తొడుగులా తొడిగే పైపు, ఒంటేలు ఆపుకోలేని మగవాళ్లకే, అడ్డుపడి రానివాళ్లకు పనికిరాదు. ఇంట్లో ఇంకో పైపు, ఇంకో బ్యాగు ఉంచుకోండి. సంచిలోకి చుక్క రాక పొత్తికడుపు ఉబ్బినా, చలిజ్వరం వచ్చినా ఆసుపత్రికే. లాగి చూడకండి, బెలూన్ లోపలుంది.

మాస్టారి కోడలు 22ని వెనక్కిచ్చి 16 తెచ్చింది. వంటింటి క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసుకుంది: "16, సిలికాన్, బెలూన్ 10", కింద పైపు వేసిన తేదీ.