బేరియాట్రిక్ సర్జరీ అయ్యాక: పప్పు ముందు, అన్నం చివర

ఆపరేషన్ అయిన మనిషి ఇంటికి రాగానే మనవాళ్లు చేసే మొదటి పని పథ్యం పెట్టడం. చారన్నం, బీరకాయ కూర, పాలన్నం. పప్పూ గుడ్డూ తింటే కుట్లు చీము పడతాయని వాటిని దగ్గరికే రానివ్వరు. బరువు తగ్గడానికి కడుపును చిన్నది చేసే బేరియాట్రిక్ సర్జరీకి ఈ పథ్యం పూర్తిగా తలకిందులు. ఇక్కడ పప్పు, గుడ్డు, చేప ముందు. అన్నం అన్నిటికంటే చివర. కుట్లు మానాలన్నా, కండ కరగకుండా కొవ్వు మాత్రమే కరగాలన్నా ప్రొటీన్ కావాలి. ఇంట్లో వంట చేసేవాళ్లకు ఈ సంగతి ఆపరేషన్‌కి ముందే చెప్పి ఒప్పించుకోండి. డిశ్చార్జ్ అయి వచ్చాక వాదించే ఓపిక ఉండదు.

ఈ సర్జరీల్లో ఎక్కువగా చేసేవి రెండు, స్లీవ్, గ్యాస్ట్రిక్ బైపాస్ (గుండెకు చేసే బైపాస్ కాదు). స్లీవ్ ఆపరేషన్‌లో కడుపులో 75–80 శాతం కోసి తీసేస్తారు. మిగిలిన గొట్టంలో 100–150 మి.లీ. పడుతుంది. బైపాస్‌లో పైన ఉంచే సంచి 30 మి.లీ. దగ్గర ఉంటుంది. పైగా కడుపులో ఎక్కువ భాగాన్ని, చిన్నపేగు మొదటి భాగాన్ని తప్పించేస్తారు కాబట్టి ఐరన్, కాల్షియం, బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. ఎక్కడ ఈ రెండిటికీ తేడా ఉందో అక్కడ విడిగా చెప్పాం. మీ సర్జన్ ఇచ్చిన కాగితంలో వేరేలా ఉంటే ఆ కాగితమే పాటించండి.

మొదటి ఆరు వారాలు

మొదటి ఒకటి రెండు రోజులు నీళ్లు, వడకట్టిన సూప్, పలుచటి మజ్జిగ తేట. తర్వాత రెండో వారం చివరిదాకా చిక్కటి ద్రవాలు: పాలు, మజ్జిగ, మెత్తగా మిక్సీ పట్టి వడకట్టిన పెసరపప్పు సూప్, ప్రొటీన్ పొడి కలిపిన పాలు. మూడు, నాలుగు వారాల్లో గుజ్జు: మెదిపిన పప్పు, చిలికిన పెరుగు, మెత్తగా చిదిమిన గుడ్డు. ఐదు, ఆరు వారాల్లో మెత్తటివి: ఆవిరి మీద ఉడికిన చేప, పనీర్, బాగా ఉడికిన సొరకాయ, బీరకాయ. ఏడో వారం నుంచి మెల్లగా మామూలు తిండి. ఆకలి వేయడం లేదు, నొప్పి లేదు, బానే ఉంది కదా అని ఒక మెట్టు ఎగరగొట్టకండి. లోపల కుట్టు మానే గడువు మీకు ఎలా ఉందన్న దాన్ని బట్టి మారదు.

ఈ దశలో పెద్ద గండం తిండి కాదు, నీళ్లు. గటగటా తాగడం ఇక కుదరదు. 15 నిమిషాలకు 30 మి.లీ. లెక్కన మెలకువగా ఉన్న 14 గంటల్లో 1,680 మి.లీ. వెళ్తుంది, అంతే చాలు. దగ్గు మందు సీసాతో వచ్చే కొలత కప్పు దగ్గర పెట్టుకుంటే లెక్క తప్పదు. ఆపరేషన్ ఎండాకాలంలో పడితే, అందులోనూ రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల ఉంటే, రెండు లీటర్లు దాటించాలి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తున్నా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా నీళ్లు చాలడం లేదని అర్థం. బీపీకి నీరు పోయే మాత్ర వాడుతున్నవాళ్లు దాని సంగతి డిశ్చార్జ్ రోజే డాక్టర్‌ని అడగాలి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ మోతాదు కూడా అదే రోజు తేలిపోవాలి. తిండి ఒక్కసారిగా తగ్గిపోతుంది కాబట్టి పాత మోతాదే వేసుకుంటే షుగర్ పడిపోతుంది.

ఆసుపత్రిలో ఉన్నప్పటి నుంచే నడవండి. నాలుగు నుంచి ఆరు వారాలు ఐదు కిలోలకు మించిన బరువు ఎత్తకూడదు. నిండు నీళ్ల బిందె కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

కంచం దగ్గర

మామూలు తిండికి వచ్చాక వరస ఇది. చేప, గుడ్డు, పనీర్, గట్టి పప్పు ముందు. తర్వాత కూర. ఇంకా చోటుంటే రెండు మూడు చెంచాల అన్నం. మనకు అలవాటైన వరసలో అన్నం కలుపుకొని మొదలుపెడితే నాలుగో ముద్దకే కడుపు నిండిపోతుంది, లోపలికి వెళ్లిన ప్రొటీన్ మూడు గ్రాములు కూడా ఉండదు. చేత్తో తినే అలవాటు మానక్కర్లేదు గానీ ముద్ద చింతగింజంత ఉండాలి. పంటి కింద గుజ్జు అయ్యేదాకా నమలాలి. ఒక ముద్ద మింగాక అర నిమిషం ఆగి తర్వాతది తీసుకోవాలి. భోజనం 20–30 నిమిషాల్లో ముగించాలి. అంతకు మించి సాగదీస్తే మొదట తిన్నది కిందికి జారి, మళ్లీ చోటు ఏర్పడి, తెలియకుండానే ఎక్కువ తినేస్తారు.

నీళ్లు భోజనానికి అరగంట ముందు ఆపేయాలి, తిన్నాక మరో అరగంట ఆగి తాగాలి. మజ్జిగన్నం, పలుచటి చారన్నం ఇక్కడే దెబ్బకొడతాయి: తిండి నీళ్లతో కలిసి జారిపోతుంది, గంటకే మళ్లీ ఆకలి.

రోజుకు 60–80 గ్రాముల ప్రొటీన్ కావాలి. మూడో నెలలో ఒక రోజు ఇలా ఉండొచ్చు. పొద్దున రెండు ఉడికించిన గుడ్లు, 12 గ్రాములు. పదకొండింటికి ఒక స్కూప్ వే ప్రొటీన్, 24 గ్రాములు. మధ్యాహ్నం 60 గ్రాముల చేప, సుమారు 12. సాయంత్రం 100 గ్రాముల పెరుగు, మూడు నాలుగు. రాత్రి 50 గ్రాముల పనీర్, 9, దానికి తోడు అర గిన్నె గట్టి పప్పు, నాలుగు. మొత్తం 65 దగ్గర తేలుతుంది. శాకాహారులకు చేప స్థానంలో మీల్‌మేకర్ ఉంది. పొడిగా తూచిన 20 గ్రాముల్లో 10 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, కాకపోతే బాగా నానబెట్టి, పిండి, సన్నగా తరగాలి. పప్పుచారు, రసం మాత్రం ఈ లెక్కలోకి రావు. రాగి జావ కూడా అంతే. రెండు చెంచాల పిండితో కాచిన గ్లాసులో ఒకటిన్నర గ్రాములే ఉంటుంది. బలం అని రోజుకు మూడు గ్లాసులు తాగించే ఇళ్లలో మూడో నెలకల్లా మనిషి వాడిపోతాడు.

గొంతు దిగాక అడ్డుపడేవి కొన్ని ఉన్నాయి. ముద్దకట్టే అన్నం, మెత్తటి బ్రెడ్, చపాతీ, ఎండిపోయినట్టు వేగిన చికెన్, నార ఉన్న మటన్, తోటకూర కాడలు, బత్తాయి తొన మీది పొర. అడ్డుపడితే గుండె మధ్యలో పట్టేసినట్టు ఉండి, నోట్లో లాలాజలం ఊరి, నురుగులా పైకి వస్తుంది. అప్పుడు నీళ్లు తాగి కిందికి నెట్టాలని చూడకండి, ఇంకా బిగుస్తుంది. తినడం ఆపి, నిలబడి నాలుగడుగులు వేయండి. చికెన్ తినాలనుకుంటే కైమా చేయించి, పులుసులో తడిగా వండుకోండి.

వాంతి ఎప్పుడు ప్రమాదం

త్వరగా తిన్నందుకో, ఎక్కువ తిన్నందుకో అయ్యే ఒక్క వాంతి గురించి భయపడక్కర్లేదు. వాంతులు ఆగకుండా అవుతుంటే మాత్రం విషయం వేరు. ఒంట్లో బి1 విటమిన్ నిల్వ కొద్ది వారాలకే సరిపోతుంది. తిండి నిలవకపోతే అది అయిపోయి, ఒక వస్తువు రెండుగా కనిపించడం, నడకలో తూలడం, మాట తికమక పడటం మొదలవుతాయి. మన ఊళ్లలో నీరసంగా ఉందనగానే ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ సీసా ఎక్కించుకోవడం మామూలు. బి1 లేని ఒంటికి ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ముందు బి1 ఇంజెక్షన్, తర్వాతే గ్లూకోజ్. మీకు ఈ ఆపరేషన్ అయిందని సూది వేసే మనిషికి చెప్పి తీరాలి.

అదే మనిషి ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ సూది కూడా వేస్తాడు. బైపాస్ అయినవాళ్లకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి పేగు అతికిన చోట పుండు చేస్తాయి. నొప్పికి పారాసిటమాల్ వాడుకోవచ్చు. గుండె కోసం ఆస్పిరిన్ రాసి ఉంటే సొంతంగా ఆపకండి, డాక్టర్‌తో మాట్లాడండి. సిగరెట్, బీడీ కూడా ఆ పుండుకు కారణాలే.

మొదటి వారాల్లో జ్వరం, నాడి నిమిషానికి 120 దాటడం, ఆగని కడుపునొప్పి, ఎడమ భుజంలో నొప్పి కనిపిస్తే కుట్టు దగ్గర లీక్ కావచ్చు. ఒక పిక్క వాచినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. రెండిటికీ ఫోన్ చేసి అడగడం కాదు, బయల్దేరి ఆసుపత్రికి వెళ్లాలి.

తీపితో వచ్చే తంటా బైపాస్‌లో ఎక్కువ. బొబ్బట్టో చక్కెర పొంగలో తిన్న 10–30 నిమిషాల్లో గుండెదడ, కడుపులో మెలిపెట్టడం, విరేచనం. కొందరికి ఒకటి నుంచి మూడు గంటలు గడిచాక షుగర్ పడిపోయి చెమటలు, వణుకు. ప్రసాదం కాదనలేని చోట చిటికెడు చాలు.

మాత్రల టైమ్ టేబుల్

ఇవి జీవితాంతం. కాల్షియం రోజుకు తిండితో కలిపి 1,200–1,500 మి.గ్రా. కావాలి, ఒక్కసారి 500–600 మించి పట్టదు కాబట్టి విడగొట్టి వేసుకోవాలి. సిట్రేట్ రకం మేలు. డబ్బా మీద ‘కాల్షియం సిట్రేట్ 1000’ అని ఉంటే అందులో అసలు కాల్షియం 21 శాతమే, అంటే 210 మి.గ్రా. చాలామంది ఇక్కడే మోసపోతారు. ఐరన్ నెలసరి వచ్చే ఆడవాళ్లకు, బైపాస్ వాళ్లకు 45–60 మి.గ్రా. బి12 నోటిమాత్రగా రోజుకు 350–1,000 మైక్రోగ్రాములు. డి3 రోజుకు 3,000 యూనిట్లతో మొదలుపెట్టి రక్తపరీక్షను బట్టి మారుస్తారు.

కాల్షియం, ఐరన్ ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, రెండు గంటల ఎడం కావాలి. థైరాయిడ్ మాత్రకూ వీటికీ నాలుగు గంటలు. కాబట్టి ఇలా పెట్టుకోండి: ఆరింటికి థైరాయిడ్, పదిన్నరకు కాల్షియం, భోజనం తర్వాత ఒంటిగంటకు మల్టీవిటమిన్, నాలుగింటికి కాల్షియం, రాత్రి తొమ్మిదిన్నరకు ఐరన్. కాల్షియం ఇంకా తగ్గుతుంటే ఏడింటికి మరో మోతాదు కలుపుకోవచ్చు. ఐరన్‌కి అటూ ఇటూ గంటలోపు టీ, కాఫీ వద్దు.

బరువు ఆగిపోయినప్పుడు

మూడు నుంచి ఆరు వారాల మధ్య ముల్లు కదలడం మానేస్తుంది. దాదాపు అందరికీ వస్తుంది, ఒకటి రెండు వారాల్లో దానంతటదే వదులుతుంది. రోజూ తూచుకుంటే పిచ్చెక్కుతుంది. వారానికోసారి, అదే రోజు, పొద్దున్నే తూచుకోండి, నడుము కొలత కూడా రాసుకోండి. మూడో నెల నుంచి ఆరో నెల దాకా జుట్టు రాలుతుంది. ఇది చాలావరకు వేగంగా బరువు తగ్గినందుకు వచ్చేదే, మళ్లీ మొలుస్తుంది. ప్రొటీన్, ఐరన్ తక్కువైతే మాత్రం ఆగకుండా రాలుతుంది.

ఏడాది తర్వాత బరువు తిరిగి పెరిగేది చాలావరకు భోజనం వల్ల కాదు. జంతికలు, చేగోడీలు, మిక్చర్, ఐస్‌క్రీమ్, చక్కెర వేసిన నాలుగు టీలు. కడుపు ఎంత చిన్నదైనా ఇవి అడ్డుపడకుండా జారిపోతాయి. బరువు పెరుగుతోందనిపిస్తే మూడు రోజులు నోట్లో పెట్టిన ప్రతిదీ రాసి చూడండి, కారణం అందులోనే దొరుకుతుంది.

కార్తీక మాసం ఉపవాసాలు, ఏకభుక్తం, రంజాన్ రోజాలు మొదటి ఏడాది వద్దు. ఒక్కపూటలో 60 గ్రాముల ప్రొటీన్ ఈ కడుపులో పట్టదు. మందు విషయానికొస్తే, బైపాస్ తర్వాత ఆల్కహాల్ రక్తంలోకి చాలా వేగంగా ఎక్కుతుంది. పాత లెక్కలో తాగి బండి తీయడం ప్రమాదం.

పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు 12–18 నెలలు ఆగాలి. బరువు తగ్గగానే నెలసరి క్రమంలోకి వచ్చి గర్భం త్వరగా నిలుస్తుంది. బైపాస్ అయితే గర్భనిరోధక మాత్రలను నమ్ముకోవద్దు, వేరే పద్ధతి అడగండి.

రక్తపరీక్షలు 3, 6, 12 నెలలకు, తర్వాత ఏడాదికోసారి: రక్తకణాలు, ఫెర్రిటిన్ (ఐరన్ నిల్వ), బి12, ఫోలేట్, డి విటమిన్, కాల్షియం, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్), అల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్), కాలేయం. కాలేయంలో బి12 నిల్వ ఉండటంతో లోపం వెంటనే కనపడదు. మాత్రలు మానేసినా ఏం కాలేదే అనుకున్నవాళ్లకు రెండు మూడేళ్లకు అరికాళ్ల తిమ్మిర్లతో బయటపడుతుంది.